ఒక్కసారి కూడా ఆగకూడదు

మొగుడు లోకేష్ తుపాకీ కొన్న రోజు నుంచి వసుమతికి ఒళ్ళు మండుతూనే ఉంది. ఆదివారం పొద్దున్నే ఆ మహానుభావుడు వచ్చి, షూటింగ్ రేంజ్‌లో స్లాట్ బుక్ చేశాను, త్వరగా తెమలమని తొందరపెట్టేసరికి, కడుగుతున్న గిన్నెని సింకులో ధనామని పడేసింది.

ఇదంతా నాలుగిళ్ళ అవతల ఉండే ఉషా వాళ్ళింట్లో దొంగలు పడ్డప్పుడు మొదలైంది. అమెరికాలో ఈ కమ్మింగ్ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని ఆ వెధవలకి ఎలా తెలిసిందో ఏమో, పట్టపగలు వెనక తలుపు పగలగొట్టి నగలన్నీ ఊడ్చుకుపోయారు. పోయింది ఉషా నగలైతే, నిద్ర పోయింది లోకేష్‌కి. అలారం పెట్టించాడు, కెమెరాలు పెట్టించాడు, అవీ చాలవని తుపాకీ అన్నాడు. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషికి తుపాకీ! నగలన్నీ బ్యాంకు లాకర్లో పడేద్దాం, పీడా పోతుంది అని వసుమతి నెత్తీ నోరూ కొట్టుకుంది. నగలైతే లాకర్లో పెట్టాడు గానీ తుపాకీ మాట వదిలితేనా? చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి సాధించుకున్నాడు.

ఆమె కూడా ఊరికే ఒప్పుకోలేదు. ఇంట్లో తొమ్మిదేళ్ళ మైత్రి ఉంది. తుపాకీ బట్టల అల్మరాలో కొత్తగా పెట్టించిన సేఫ్‌లోనే ఉండాలి, ఖాళీగా ఉండాలి. దాన్ని నమ్మొచ్చని తేలేదాకా ఇంట్లో దానికి ఒక్క తూటా కూడా ఎక్కించకూడదు. పిల్ల చెయ్యి దాని దరిదాపులకి పోకూడదు. అలాగేనని లోకేష్ దేవుడి మందిరం ముందు నిలబడి మరీ మాటిచ్చాడు.

నమ్మొచ్చని తేలడమంటే అదో పెద్ద తతంగం. కొత్త తుపాకీ బిగుసుగా ఉంటుందట. బోలెడన్ని తూటాలు కాలిస్తే గానీ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని దారికి రావట. ఆ తర్వాత రెండు మూడు రకాల తూటాలు వేసి కాల్చి చూడాలట. ఒక్కసారి కూడా ఆగకూడదు. ఆగిందంటే దాన్ని నమ్ముకుని పడుకోవడం దండగని షాపువాడు చెప్పాడు. కొత్త గ్రైండర్ కొన్నప్పుడు మొదటి వాయి పిండి పారబోస్తాం కదా, ఇదీ అలాంటిదేనని లోకేష్ ఆమెకి విడమరిచి చెప్పబోయాడు. ఆ పోలికకి ఆమెకి ఇంకా చిర్రెత్తుకొచ్చింది. గ్రైండర్ని ఎవరైనా మంచం పక్కన పెట్టుకుని పడుకుంటారా?

పండక్కి ముందు మొదటిసారి కాల్చినప్పుడు అది బుద్ధిగా పనిచేసిందట. ఇవాళ రెండోసారి, ఆఖరిసారి. ఇవాళ కూడా ఆగకుండా పనిచేస్తే తూటాలతో సహా పడగ్గదిలోకి వచ్చేస్తుంది. అది కళ్ళారా చూడమనే వసుమతిని వెంటబెట్టుకుని వెళ్తున్నాడు. దారి పొడుగునా ఆమె పైకి మాట్లాడలేదు గానీ, లోపల మాత్రం ఆగిపో, ఆగిపో అని ఆ తుపాకీకి శాపాలు పెడుతూనే ఉంది.

మైత్రిని దారిలో, పిల్లలకి శ్లోకాలూ పండగలూ నేర్పే బాలవిహార్ క్లాసులో దింపారు. ఆయుధపూజ సంగతి పిల్ల అక్కడే నేర్చుకుంది. మనకి సాయం చేసే వస్తువులన్నిటికీ థాంక్యూ చెప్పడమేనట. మొన్న దసరా రోజు కూతురు ఆ మాట చెబితే వసుమతి మురిసి ముక్కలైంది. ఇద్దరూ కలిసి కారుకీ, లాప్‌టాప్‌లకీ, మిక్సీకీ, ఆఖరికి లోకేష్ డ్రిల్లింగ్ మెషీన్‌కీ బొట్లు పెట్టారు. ఆనక వసుమతి అక్షింతల పళ్ళెం పిల్ల చేతికిచ్చి, ఇంకా ఏమైనా మిగిలిపోయాయేమో చూసి రా తల్లీ అని పంపించి, తను గారెల మూకుడు దగ్గరికి వెళ్ళిపోయింది.

రేంజ్‌లో చెవులకి డిప్పలు తగిలించుకున్నా ఆ చప్పుడుకి గుండె అదురుతూనే ఉంది. లోకేష్ పెట్టె తెరిచి, తుపాకీ తీసి, దాని పైభాగాన్ని వెనక్కి లాగాడు. లోపల్నుంచి ఒక తూటా టప్పున ఎగిరి నేల మీద దొర్లింది. పక్కనున్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. రేంజ్ చూసుకునే అతను పరుగున వచ్చి, ఇక్కడికి తుపాకీ ఖాళీగా తేవాలని బోర్డు పెట్టాం, కనిపించలేదా అని కడిగిపారేశాడు. లోకేష్ సారీల మీద సారీలు చెప్పాడు. అతను వెళ్ళాక వసుమతి నిలదీస్తే, టైమ్ కలిసొస్తుందని ఇందాక నువ్వు ముందు నడుస్తుంటే పార్కింగ్‌లోనే లోడ్ చేశానని గొణిగాడు. అంత తెలివితక్కువ పని చేసినందుకు నాలుగు తిట్టింది గానీ, ఆ మాట నమ్మింది.

మొదటి మ్యాగజైన్‌లో తూటాలన్నీ ఏ ఇబ్బందీ లేకుండా పేలాయి. చూశావా అన్నట్టు లోకేష్ కళ్ళెగరేశాడు. పెట్టెలో ఉన్న రెండో మ్యాగజైన్ తీసి, దాంట్లో తూటాలు నింపి తుపాకీకి ఎక్కించాడు. ఒకటి పేలింది. ఆ తర్వాత పైభాగం సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. గుంజి సరిచేశాడు. ఇంకోటి పేలి మళ్ళీ ఆగింది.

వసుమతి మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది. లోకేష్ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. షాపువాడు డిఫెక్టివ్ పీస్ అంటగట్టాడు, మనవాళ్ళంటే వాడికి లోకువ, రివ్యూ రాసి వాడి పరువు బజారున పెడతాను అంటూ చిందులు తొక్కాడు. రుజువు కోసమని తుపాకీని బల్ల మీద విప్పి, ఫోన్‌లో ఫొటోలు తియ్యడం మొదలుపెట్టాడు. తూటా వెళ్ళి కూర్చునే చోట ఏదో నలుసు అడ్డం పడింది. గుడ్డతో తీసి చూపించాడు.

"చూడు, ఫ్యాక్టరీలోనే చెత్త ఉండిపోయింది. దీన్ని కూడా ఫొటో తీస్తా."

వసుమతి గుడ్డ అందుకుంది. నలిగి మసిబారినా పసుపు రంగు పోలేదు. నేతి జిడ్డు వేలికి అంటింది. ఏ వస్తువునైనా పోల్చుకోలేకపోవచ్చు గానీ, తన చేత్తో తను కలిపిన అక్షింతని ఆడది పోల్చుకోలేదా?

"ఇది అక్షింత," అంది.

లోకేష్ ఫోన్ దించాడు.

"మీరు దీనికి పూజ చేశారా?"

"నేనెందుకు చేస్తాను? దసరా రోజంతా మీటింగుల్లోనే ఉన్నా కదా."

"నేనూ చెయ్యలేదు."

ఇంట్లో ఉండేదే ముగ్గురు.

"సేఫ్ నంబర్ ఏంటి?"

"మర్చిపోకుండా ఉంటుందని... గరాజ్ తలుపు నంబరే పెట్టా."

రోజూ స్కూల్ బస్సు దిగి మైత్రి నొక్కేది ఆ నంబరే. పెళ్ళయి పన్నెండేళ్ళయినా మొగుణ్ణి మీరు అనే పిలిచిన వసుమతికి ఆ క్షణాన మీరు అన్న మాట నోటికి రాలేదు.

"నువ్వు మనిషివేనా?" అంది.

తిరుగుదారిలో బాలవిహార్ దగ్గర మైత్రిని ఎక్కించుకున్నారు. నోరు విప్పితే పిల్ల ముందే మొగుణ్ణి దులిపేస్తానని వసుమతికి తెలుసు. వెనక సీట్లో పిల్ల ఆ రోజు క్లాసులో నేర్చుకున్న శ్లోకం పాడుతూ కూర్చుంది. తుపాకీ పెట్టె డిక్కీలో ఉంది. లోకేష్ స్టీరింగ్ పట్టుకుని బిక్కచచ్చిపోయి డ్రైవ్ చేశాడు.

ఇంటికి రాగానే వసుమతి పిల్లని సోఫాలో పక్కన కూర్చోబెట్టుకుంది. దసరా రోజు నాన్న సేఫ్ తెరిచావా అని అడిగింది. మైత్రి కొంచెం కూడా తడబడలేదు.

"అవును అమ్మా. మిగిలినవి చూడు అన్నావు కదా నువ్వు. అన్నిటికీ థాంక్యూ చెప్పి, గన్‌కి చెప్పకపోతే దానికి సాడ్‌గా ఉంటుంది కదా. బొట్టు పెట్టాను, దాని మీదా, పక్కనున్న ఖాళీ బాక్స్‌లోనూ రైస్ వేశాను. తర్వాత టిష్యూతో క్లీన్ కూడా చేశాను, నాన్న మ్యాడ్ అవుతాడని."

"ఎత్తుకున్నావా దాన్ని?"

"చాలా హెవీ. టూ హ్యాండ్స్‌తో పట్టుకున్నా. ముందు హోల్ ఉంది కదా, అందులో ఏముందో అని చూశాను. డార్క్. ఏం కనపడలేదు."

ఎలా చూసిందో చూపించడానికి పిల్ల రెండు చేతులూ పిడికిలి బిగించి, దాన్ని కంటికి ఆనించుకుని, రెండో కన్ను మూసింది. వసుమతి ఆ చేతుల్ని లాగేసి తన ఒళ్ళో గట్టిగా అదిమిపెట్టుకుంది. నొప్పి అమ్మా అని మైత్రి అన్నా వదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, రేంజ్‌లో టప్పున ఎగిరి నేల మీద దొర్లిన ఆ తూటా. తలెత్తి లోకేష్ వైపు చూసింది. అతను ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, కాళ్ళకి చెప్పులు కూడా విప్పలేదు.

"పార్కింగ్‌లో లోడ్ చేశానన్నావు. నిజం చెప్పు. దసరా రోజు అది ఖాళీగానే ఉందా?"

పండక్కి నగలన్నీ లాకర్ నుంచి ఇంటికి తెచ్చాం కదా, ఆ నాలుగు రోజులకే కదా అని లోడ్ చేశా, తర్వాత మ్యాగజైన్ తీసేశా గానీ లోపలి తూటా సంగతి మర్చిపోయా, అని లోకేష్ నేల చూపులు చూస్తూ నసిగాడు. ఆ తర్వాత అక్కడే కింద కూర్చుని చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు.

నగల కోసమట! వసుమతికి మెడలో ఉన్న గొలుసు తెంపి వాడి మొహాన కొట్టాలనిపించింది. ఇల్లు ఎగిరిపోయేలా అరవాలనిపించింది. చేతుల్లో పిల్ల చేతులుండబట్టి ఆగింది. దొంగలు రాలేదు, వస్తారో రారో కూడా తెలియదు. ఇంటి యజమాని మాత్రం తన చేత్తో తనే తూటా పెట్టి, కూతురికి తెలిసిన నంబరుతో తలుపేసి, నిశ్చింతగా మీటింగులో కూర్చున్నాడు. ఆమె వంటింట్లో పాట పాడుకుంటూ గారెలు వేయించింది.

వసుమతి లేచి, కారు తాళాలు తీసుకుంది. లోకేష్‌ని కూడా లేవమంది. షాపు ఇంకా తెరిచే ఉంటుంది, వాడు ఎంతిస్తే అంత, దాన్ని ఇప్పుడే ఇచ్చేసి రావాలి, అది మళ్ళీ ఈ ఇంటి గడప తొక్కితే నేనూ పిల్లా గడప దాటతాం అని చెప్పింది. లోకేష్ లేచి మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు.

మైత్రి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నా రైస్ వల్ల అది బ్రేక్ అయిందా నాన్నా?"

ఆ మాట దొరకడమే తడవుగా లోకేష్ మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. అవును తల్లీ, పాడైపోయింది, నీ తప్పేం లేదు, పాడైన వస్తువు ఇంట్లో ఎందుకని రిటర్న్ ఇచ్చేస్తున్నాం, అన్నాడు.

"పిల్లకి కూడా అబద్ధం చెప్పకు," అంది వసుమతి. మైత్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇందాక పిడికిలికి ఆనించిన ఆ కన్ను తుడిచింది.

"అది పాడవలేదమ్మా. సరిగ్గా పనిచేస్తుంది. అందుకే ఇచ్చేస్తున్నాం."