ఫ్రిజ్‌కి అంటించాల్సిన కాగితం

"మూడు రోజులకే ఇంత హైరానా ఏంటే! ఏది ఎక్కడుందో ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి పో," అన్నాడు మొగుడు రెనాంటే, చెప్పులు తొడుక్కుంటూ.

గిమారస్ దీవిలో ఉన్న చెల్లెలికి కాన్పు. రేపు పొద్దున్నే నెలిదా ఇలోయిలో ఊరి రేవులో పడవెక్కాలి. అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, కూతురు జింకీ నోటు పుస్తకంలోంచి కాగితం చింపి కూర్చుంది. మనసు మాత్రం మధ్యాహ్నం లైబ్రరీలో జరిగే రచనల తరగతి మీదే ఉంది. సొంత జీవితం మీద వ్యాసం మూడుసార్లు రాస్తే మూడుసార్లూ టీచరు రెమెడియోస్ గారు వెనక్కిచ్చేశారు. "నేను ఫలానా ఊళ్లో పుట్టాను అని మొదలెడితే నాకే నిద్రొస్తోందమ్మా. బడిలో నేర్పిన వ్యాసం మర్చిపో. నీ చేతికి రోజూ అలవాటైన రాతలో రాసి చూడు." ఇంట్లో చెబితే రెనాంటే నవ్వాడు. "రాయడానికేముంది నీ బతుకులో? వండటం, ఉతకటం!"

నెలిదా అంకెలు వేసి మొదలెట్టింది. ఒకటి. మీ అమ్మకి పొద్దున తెల్ల మాత్ర. మందంటే మింగదు, చర్చి ఫాదర్ వేసుకోమన్నారని చెప్పు. రెండు. కొళాయి ఐదింటికే వస్తుంది, నువ్వు లేచేసరికి పోతుంది. మూడు. అన్నంలో నీళ్లు వేలి మొదటి గణుపు దాకా. నీ వేలు నాకంటే పొడుగు, కాస్త తగ్గించు. ఇరవై ఏళ్లు పక్కన పడుకున్నా ఆ సంగతి నీకు తెలీదు, నాకు తెలుసు. నాలుగు. జింకీ కడుపు నొప్పంటే కడుపు కాదు. ఏమీ అడక్కు, పక్కన కూర్చో. ఐదు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువైందని అమ్మ అంటే, సరేనమ్మా అనాలి. నువ్వంటే ఊరుకుంటుందేమో, నాకు తెలీదు.

ఆరు. స్నానాల గదిలో పంపు పూర్తిగా తిప్పి వదిలెయ్. ఆ చప్పుడుంటేనే ఏడుపు బయటికి వినపడదు.

పెన్ను ఆగిపోయింది. ఇది రెనాంటేకి ఎందుకు? అతనెప్పుడు ఏడిచాడని? చదువుకుంది. మళ్లీ చదువుకుంది. మూడు నెలలుగా వెతుకుతున్న వ్యాసం అంకెలేసుకుని ఎదురుగా కూర్చుంది! ఇంకో కాగితం చింపింది, ఇంకోటి. పొయ్యి మీద పులుసు మాడింది. "ఏంటా కంపు?" అని అత్తగారు గదిలోంచి అరిచినా "ఆ అత్తమ్మా" అందే గాని లేవలేదు.

తరగతిలో నిలబడి చదువుతుంటే మూడో అంకె దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ఆరో అంకె దగ్గర ఎవరూ కదల్లేదు. పంతొమ్మిదితో ఆపి తలెత్తింది. వెనక బెంచీలో ముసలి నర్సు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది.

రెమెడియోస్ గారు కుర్చీలోంచి లేచారు. "ఇదమ్మా నువ్వు! ఇప్పుడు దొరికావు. కానీ చివర్న ఆగిపోలేదా?"

"ఆగిపోయానండీ. ఒక్క నిమిషం."

నిలబడే, బల్ల మీదికి వంగి రాసి, గట్టిగా చదివింది.

"ఇరవై. నేను తిరిగొచ్చాక ఈ కాగితాలు నాకివ్వకు. ఇకనుంచి ఇవి నీవి."