నందిగామ రోడ్డు గోడమీద ఎద్దులు

జగ్గయ్యపేటలో పిడకలు చరిచే ఆడవాళ్ళు వీధికి పదిమంది ఉండేవారు. పిడకలతో బొమ్మ వేసేది మాత్రం రత్తమ్మ ఒక్కతే.

నందిగామ రోడ్డు వెంబడి కుటుంబరావు శెట్టిగారి పత్తి గోడౌనుకు నలభై గజాల పొడవున వెనక గోడ ఉండేది. ఆరేళ్ళుగా రత్తమ్మ తన రెండు గేదెల పేడనూ ఆ గోడకే చరుస్తోంది. అందుకు బదులుగా శెట్టిగారింట్లో పాలు కాగే దాలిగుంటకు పిడకలు ఇస్తుంది. మొదట్లో అందరిలాగే వరసలు వరసలుగా చరిచేది. ఒకరోజు విసుగు పుట్టి, వరసను కాస్త వంకర తిప్పి నెమలి తోక చేసింది. పోతున్న బస్సు కిటికీలోంచి ఎవరో పిల్ల "నెమలి! నెమలి!" అని కేకేసింది. ఆ కేక చెవిన పడ్డాక రత్తమ్మ తిన్నగా ఒక్క వరస వేసిందంటే ఒట్టు.

డెబ్భై తొమ్మిది మే నెలలో, ఒక సోమవారం పొద్దున్నే శెట్టిగారు కబురంపి పిలిపించారు.

"రత్తమ్మా, శుక్రవారానికి గోడ ఖాళీ చెయ్యి. పశువుల దాణా కంపెనీవాళ్ళు ప్రకటన కోసం ఏడాదికి తీసుకున్నారు. నందిగామ నుంచి వరప్రసాదరావని పెయింటరొస్తాడు."

"మరి నా పిడకలండీ?"

"పెద్ద కంపెనీతో బేరం కుదిరిందని నేను చెప్తుంటే, రామాయణంలో పిడకల వేటలాగా నీ గొడవేంటి? ఇంకో గోడ చూసుకో."

చూసుకోమనడానికేం, నోరుంటే చాలు. ఎండ తగిలే ప్రతి గోడకూ ఊళ్ళో ఒకామె ఉంది. ఒకరి పిడకల గోడ ఇంకొకరు ముట్టరు. కాగితం మీద లేకపోయినా కోర్టు తీర్పు కన్నా గట్టి కట్టుబాటు అది. గోడ పోతే పేడ పెంటకుప్పకు పోవలసిందే. రత్తమ్మకు దుఃఖం ముంచుకొచ్చింది. గోడ దగ్గరకు వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు సగంలో ఉండగానే ఒక ఊహ తట్టి ఒళ్ళు ఝల్లుమంది. పోతే పోయింది, పోయేలోపు ఈ గోడంతా నిండేలా ఒక్క బొమ్మ వేస్తే! బండలాగుడు పందెంలో బండ లాగుతున్న ఒంగోలు గిత్తల జత!

గోడౌన్లో బస్తాలు మోసే మొగుడు సాంబయ్య విని నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది నీ వరస. ఖాళీ చెయ్యమంటే ఇంకా వేస్తానంటావేంటే?"

"ఈ ఎండలకి రెండు రోజుల్లో పెళపెళా ఎండుతాయి. శుక్రవారం పొద్దున్నే ఊడదీసి గోడ అప్పజెప్తా. నువ్వు పేడ తెచ్చిపెట్టయ్యా, అంతే చాలు."

సాంబయ్య సణిగాడు. సణుగుతూనే గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

రత్తమ్మ పనితనమంతా ఎండలో ఉంది. పచ్చి పిడక నల్లగా ఉంటుంది, ఎండేకొద్దీ తెల్లబడుతుంది. అందుకని తెల్లటి గిత్తల ఒళ్ళు ముందు వెయ్యాలి, నల్లటి మూపురాలూ గిట్టలూ ఆఖరున వెయ్యాలి. మంగళవారం పొద్దుపొడుపుతో మొదలుపెట్టింది. పేడలో ఊక కలిపి, ముద్ద చేసి, చెయ్యి వెనక్కి విసిరి ఫట్‌మని చరిచింది. ఒక్కో పిడక మీదా ఐదు వేళ్ళ గుర్తు పడింది. పొట్టకు పెద్దవి, కాళ్ళకు కోలవి, కొమ్ములకు నెలవంకల్లాంటివి. చెయ్యి నొప్పి తెలియలేదు, అన్నం సంగతి గుర్తు లేదు. బుధవారం మధ్యాహ్నానికి ఒళ్ళు తెల్లబడి, రెండు గిత్తలు గోడలోంచి బయటికి నడిచొస్తున్నట్టు కనబడ్డాయి. అబ్బ, ఎంత సంతోషమో! రోడ్డు అవతలికి పరుగెత్తి చూసుకోవడం, మళ్ళీ ఇవతలికి పరుగెత్తి రెండు చరచడం.

ఊరు ఊరుకుంటుందా? జనం మూగారు. ఎడమవైపు దాపటి గిత్త ముందుకు పోతోందని ఒకరు, కుడివైపు వలపటిదే బలమైనదని ఒకరు పందేలు కాశారు. తోక సన్నగా ఉందని ఒక పెద్దాయన దెబ్బలాటకు దిగాడు. "మా గేదె పేడ కూడా కలుపు రత్తమ్మా, మాదీ ఉన్నట్టుంటుంది" అని బుట్టలతో ఆడవాళ్ళు వచ్చారు. నందిగామ బస్సు డ్రైవరు ఇంజను ఆపి మరీ చూశాడు.

గురువారం మధ్యాహ్నం దాపటి గిత్త మూపురం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడు, రావలసిన రోజుకు ఒకరోజు ముందే వరప్రసాదరావు రంగు డబ్బాలతో బస్సు దిగాడు. గోడను చూశాడు. ముఖం మాడిపోయింది. రత్తమ్మను ఒక్క మాటైనా అడక్కుండా బజారులోని శెట్టిగారి కొట్టుకు పరుగెత్తాడు.

"ఇదేం న్యాయమండీ శెట్టిగారూ? గోడ మాకిస్తానని చెప్పి పోటీ కంపెనీకి ఇస్తారా? వాళ్ళ ఎద్దులు గోడంతా ఎక్కి కూచున్నాయి!"

శెట్టిగారు గోడౌనుకు ముందు గుమ్మం నుంచి వచ్చిపోయే మనిషి. తన వెనక గోడ ఎలా ఉందో ఆరేళ్ళలో ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ఇద్దరూ ఆయాసపడుతూ వచ్చేసరికి జనం దారి ఇచ్చారు. గోడ ముందు చేతినిండా పేడతో రత్తమ్మ నిలబడి ఉంది.

"పోటీ కంపెనీ ఎవరూ లేరండీ. నేనే. రేపు పొద్దుటికల్లా తీసేస్తా శెట్టిగారూ, ఈ మూపురం ఒక్కటీ వెయ్యనివ్వండి."

పెయింటరు దగ్గరికొచ్చి పిడకను వేలితో తాకి, వాసన చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు.

"పేడటండీ బాబూ! నేనేదో కొత్తరకం రంగనుకున్నా!" నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "శెట్టిగారూ, దాచడమెందుకు, కంపెనీ పేరు కింద ఎద్దుల జత వెయ్యాలని నాకు ఆర్డరు. అక్షరాలంటే నాకు చేతిలో పని. ఎద్దు నా వల్ల కాదు. నందిగామలో వేస్తే మేక బాగుందన్నారు. ఈమెను ఇక్కడే ఉండనివ్వండి. పైన పేరు నేను రాస్తా, కింద ఎద్దులు ఈమె వేస్తుంది."

శెట్టిగారు గోడను చూశారు, ఆగిన బస్సును చూశారు, జనాన్ని చూశారు. వ్యాపారి కదా, ఎక్కువసేపు పట్టలేదు.

"చేతిలో పేడ ఎండిపోకముందే ఆ మూపురం వెయ్యి, నిలబడ్డావేం?" అన్నారు.

రత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. బుగ్గమీద పేడ అంటుకున్నా ఎవరూ నవ్వలేదు.

ఆదివారానికి మూపురంతో సహా అన్నీ ఎండాయి, పిడకలు ఊడదీసే రోజు వచ్చింది. పెయింటరు నిచ్చెన మీద నిలబడి పేరులో సగం రాశాడు. కింద రత్తమ్మ తోక దగ్గర మొదలుపెట్టి ఒక్కో పిడకా ఊడదీస్తుంటే జనం లబోదిబోమన్నారు.

"అయ్యో, ఉంచవే తల్లీ!"

"గోడమీద ఉంచితే పాలు కాగుతాయా?" అంది రత్తమ్మ, చెయ్యి ఆపకుండా.

అన్నీ ఊడాక చూస్తే సున్నం మీద మరకలు మిగిలాయి, గిత్తల ఆకారంలోనే.

"ఆ మరకల మీదే చరిచెయ్యండి రత్తమ్మగారూ, సులువు" అన్నాడు పెయింటరు పైనుంచి. ఆమెను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

రత్తమ్మ రోడ్డు అవతలికి వెళ్ళి, గోడను కింది నుంచి పైదాకా చూసుకుంటూ చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చి పేడ ముద్ద అందుకుంది.

"పోయినసారి బండ లాగాయి కదండీ. ఈసారి గెలవాలి. గెలిచిన గిత్త తలెత్తుతుంది, ఆ తల మీ అక్షరాల దాకా వస్తుంది. మీరు పేరు కాస్త పక్కకి జరిపి రాసుకోండి. దిగి, ఆ నిచ్చెన ఇటివ్వండి."