పిండి జాడీ మీద నింద

రొట్టెల దుకాణంలో ముసిరే నూగురెక్కల బుల్లి ఈగలు, రొట్టెలు పొంగడానికి పిన్ని పులియబెట్టే పిండి జాడీలోనే పుడుతున్నాయని అందరూ నమ్మారు. కౌంటరు దగ్గర మొదలైన మాట పొయ్యి దగ్గరకు చేరేసరికి, ఆవిడ మూత తీయగానే ఈగలు గుంపుగా లేవడం కళ్లారా చూశామనేవాళ్లు కూడా పుట్టుకొచ్చారు.

యజమాని ఆవిడ అక్క కొడుకే. ఆ ఉదయం కళ్లు కలపకుండా వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, ఆ జాడీ పారబోసేద్దాం. ఇకనుంచి కొన్న ఈస్టే వాడదాం. నువ్వు కూడా ఇంట్లో హాయిగా కూర్చో."

"హాయిగానా! లేనిపోని నింద అంటగట్టి హాయిగా కూర్చోమంటావేంట్రా?"

పిన్నికి ఒళ్లు మండిపోయింది. అక్క బతికున్న రోజుల నుంచీ పిండీ నీళ్లూ పోసి, పసిబిడ్డలా సాకుతున్న జాడీ అది.

"అందరూ అంటున్నారు కదా."

"ఆ అందరిలో చూసినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురా."

పొయ్యి దగ్గరి పనివాడు తల గోక్కున్నాడు. "నేను చూడలేదనుకోండి... కౌంటరావిడ చూసిందట."

"నాకు చెప్పింది నువ్వేగా!" అని కయ్యిమంది కౌంటరావిడ.

యజమాని భార్య గొట్టంతో నేల కడుగుతూనే అందుకుంది. "రోజూ అద్దంలా కడుగుతున్నాం, అత్తయ్యా. ఇంకెక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి?"

నేల మీద రాలిన పిండంతా నీళ్లలో కలిసి, చిక్కటి జావలా జాడీ పక్కనున్న తూములోకి దిగిపోతోంది. పిన్ని చూపు అక్కడే ఆగింది.

"ఊడ్చి ఎత్తకుండా రోజూ ఇందులోకే తోస్తున్నావా?"

"ఊడిస్తే దుమ్ము లేస్తుందండీ."

"సరే. జాడీయో, తూమో, నాకూ తెలియదు. తెలియనప్పుడు చూడాలి గానీ, చూడకుండా మనిషిని గెంటేస్తారా?"

దుకాణం మూసేవేళ ఆవిడ జాడీ మూతికి పల్చని గుడ్డ బిగించి కట్టింది. తూము జల్లెడ మీద ప్యాకింగ్ టేపును, జిగురువైపు కిందికి ఉండేలా అంటించింది.

"పొద్దున్న అందరి ముందూ విప్పుదాం. గుడ్డ కింద ఒక్క ఈగ కనిపించినా నా చేత్తో నేనే పారబోస్తాను."

తెల్లవారాక అందరూ చుట్టూ మూగారు. గుడ్డ కింద ఒక్క ఈగా లేదు. టేపు అడుగుభాగం అంటుకున్న ఈగలతో నల్లబడి ఉంది. యజమాని జల్లెడ ఎత్తి చూశాడు. తూము గోడలకు పేరుకున్న పిండి జిగురులో, ఆ ఈగల సన్నని పిల్లపురుగులు కదులుతున్నాయి.