నన్ను ముట్టని బొటనవేలు

నేను ఒక ఇంకు ప్యాడుని. వేలిముద్రల కోసం చేసిన, అరచేతిలో పట్టే రేకు పెట్టెని. ముందుగా ఒక మాట. ఇందులో అక్షరాలు తప్పిపోయి ఉంటే మన్నించండి. నా కథ రాసిపెడుతున్న సన్యాసమ్మకు యాభై నిండాక గాని చదువు అబ్బలేదు. ఒత్తులు మరిచిపోతుంది, ఒక్కో పేజీకి ఒక్కో పూట పడుతుంది. ఆ ఆలస్యానికి నాకు కోపం లేదు. నా ఒళ్లు మండే సంగతి వేరు. నా కథను ఆమె పెన్నుతో రాస్తోంది.

పెన్నంటే నాకు గిట్టదు. పుట్టిననాటి నుంచీ గిట్టదు. విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో నాకు దూది పరిచి, పైన గుడ్డ బిగించి, ఊదారంగు సిరా తాగించారు. పక్క బల్ల మీద పెన్నులు తయారయ్యేవి. వాటిని ఒక్కొక్కదాన్నీ కాగితం మీద గీసి చూసి, మురిసిపోయి, అట్టపెట్టెలో పడుకోబెట్టేవారు. నన్ను గోనెసంచిలో పోశారు.

ఆ తరువాతైనా అంతే. పెన్ను గుండె మీది జేబులో ఊరేగుతుంది. దసరాకు దానికి బొట్టు పెడతారు. నన్ను తాకినవాళ్లు మాత్రం ఆ వేలిని వెంటనే తలకు రుద్దుకుంటారు, లేకపోతే గోడకు రాస్తారు. నాకు దక్కేది ఎడమచేతి బొటనవేలు ఒక్కటే. కుడిచెయ్యి మొత్తం దానిదే.

నా మొదటి యజమాని రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట గొడుగు కింద కూర్చునే దస్తావేజుల రాతగాడు. సన్యాసమ్మను మొదట చూసింది అక్కడే. మొగుడు పోయిన మూడో నెల. మరిది వెంటబెట్టుకు వచ్చాడు.

"ఏటి బావూ, ఈ కాయితం?" అని అడిగింది.

"ఏటీ నేదు వొదినా. అన్న పేరు తీసి నీ పేరు ఎక్కించడానికి. ఏలెయ్యి."

వేసింది. ఎంత చక్కటి ముద్రో! ఒక్క గీత చెదరలేదు. నేను గర్వంతో పొంగిపోయాను. అది దేని మీద పడిందో నాకూ తెలియదు. నేనూ చదువు రానిదాన్నే కదా. ఆమె వాటా ఇల్లు మరిది పేరు మీదికి పోయిందని తరువాత రాతగాడు ఎవరితోనో చెప్పి నవ్వుతుంటే విన్నాను. నిలదీస్తే మరిది అన్నాడట: "నువ్వే కదా ఏలేసినావు!"

రాతగాడు కొట్టు ఎత్తేశాక, అతని బావమరిది కామేశం నన్ను తన ఆఫీసుకు తీసుకుపోయాడు. కొండగెడ్డవలసలో ఆడపిల్లల హాస్టలు అది. కామేశం అక్కడ గుమాస్తా. ఆ ఏడు హాస్టలుకు వాచ్‌మన్, ఆయా, వంటమనిషి కావలసి వచ్చారు. ఇంటర్వ్యూలు పెట్టారు. కమిటీ అధ్యక్షుడు భూషణరావు గారికి పట్నంలో ఏదో కంపెనీవాళ్లు అడిగే ప్రశ్నల కాగితం దొరికింది. కాపలాకైనా, వంటకైనా అవే ప్రశ్నలు.

వాచ్‌మన్ పనికి వచ్చినవాణ్ణి "నీ బలహీనత ఏమిటి?" అని అడిగారు. "నిద్ర బాబూ" అన్నాడు పాపం, నిజాయితీగా. ఇంకొకణ్ణి దొంగ వస్తే ఎలా ఈల వేస్తావో చూపించమన్నారు. వాడు గట్టిగా రెండు ఈలలు వేశాడు. వీధిలో ఆగి ఉన్న బస్సు రైట్ రైట్ అనుకుని కదిలిపోయింది. కండక్టరు టీగ్లాసుతో దాని వెనక పరిగెత్తాడు. ఆయా పనికి వచ్చినావిడను ఏడ్చి చూపించమన్నారు. ఎందుకని అడిగితే, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం తెలియాలంటే ముందు ఏడవడం తెలియాలన్నారు. ఆవిడ మొదలుపెట్టిన ఏడుపు మధ్యాహ్నం దాకా ఆగలేదు.

రెండో రోజు సన్యాసమ్మ వచ్చింది. వేలు చూడగానే గుర్తుపట్టాను. వంటమనిషికి వంటగది వెనక ఒక గది ఇస్తారు. మరిది ఇంటి అరుగు మీద పడుకుంటున్న మనిషికి ఆ గది తప్ప వేరే దారి లేదు.

"అయిదేళ్ల తరువాత ఎక్కడ ఉంటావమ్మా?" అన్నారు భూషణరావు గారు కాగితం చూసి.

"బతికుంటే పొయ్యి కాడ. నేకపోతే పొయ్యి లోన."

వార్డెన్ హైమవతి గారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూషణరావు గారికి నవ్వు రాలేదు. అర్జీ తీశారు. అది సన్యాసమ్మ సొంతంగా రాసుకొచ్చినది. సాయంత్రం బడిలో రెండేళ్లు నేర్చుకున్న చదువంతా ఆ మూడు ముక్కల్లో పోసింది. ఆయన పైకి చదివారు.

"'నాకు మంట వచ్చు.' ఎక్కడమ్మా మంట? కళ్లలోనా, కడుపులోనా?"

"బజ్జీలు తింటే నాకూ వస్తాదండి!" అన్నాడు కామేశం.

ఆమెకు అర్థం కాలేదు. హైమవతి గారు కాగితం తిప్పి చూపించింది. "వ రాయబోయి తోక లాగేశావమ్మా. మ అయిపోయింది."

అసలు ఆ ఊళ్లో ఎవరూ వంట అనరు, ఒంట అంటారు. పుస్తకంలో వంట అనే ఉంటుందని పంతులమ్మ చెప్పింది. పెద్దవాళ్లకు ఇచ్చే కాగితం కదా అని పుస్తకంలో మాటే రాయబోయింది. నేనైతే లోలోపల పండగ చేసుకున్నాను. చూశావా, పెన్నును నమ్ముకుంటే అంతే! నా దగ్గర తోకలు లేవు, తలకట్లు లేవు. నొక్కితే చాలు.

భూషణరావు గారు అన్నారు: "ఇది ఫైల్లో పెడితే నవ్వుతారు. కామేశం, ఇంకోటి శుభ్రంగా రాయి. ఈవిడ వేలు వేస్తుంది. ఉద్యోగం ఖాయం."

కామేశం గొలుసుకట్టు రాతలో గబగబా నాలుగు వరుసలు గీకాడు. నా మూత తీసి ఆమె ముందుకు జరిపాడు.

"ఏటి రాసినారు బావూ?"

"నీకెందుకమ్మా? ఏలెయ్యి."

బొటనవేలు వచ్చింది. వేలెడు ఎత్తులో ఆగింది. చర్మం మీది గీతలన్నీ నాకు కనిపిస్తున్నాయి. రా తల్లీ, రా, అనుకున్నాను. నువ్వు నాదానివి.

వేలు వెనక్కి పోయింది.

"నాను సదవనేని కాయితం మీద ఇంకెయ్యను బావూ."

"అయితే ఉద్యోగం లేదు" అన్నారు భూషణరావు గారు.

"నేకపోతే నేదు." చెయ్యి చాపింది. "నా కాయితం నాకిచ్చేయండి. దిద్దుకుంటాను."

పెన్ను అడిగి తీసుకుంది. 'మంట' అన్న మాట కొట్టేసి దాని మీద రాయడం మొదలుపెట్టింది. బల్ల మీది టీలు చల్లారిపోయాయి. రాసి తిప్పి చూపించింది. 'నాకు ఒంట వచ్చు.'

"ఇదీ తప్పే!" అన్నాడు కామేశం.

"తప్పయితే నా నోటిది బావూ. సేతిది కాదు."

హైమవతి గారు ఆ కాగితం అందుకుంది. "మన వంటగదిలో పప్పు డబ్బా పక్కనే ఎలకల మందు డబ్బా ఉంటుందండీ. ఏ డబ్బా మీద ఏం రాసుందో చదివాకే చెయ్యి పెట్టే మనిషి మనకు ఇంతవరకు దొరకలేదు. నాకు ఈవిడే కావాలి."

భూషణరావు గారికి అప్పటికే ఆకలి వేస్తోంది. "సరే సరే. ఈ పూటే వండమనండి."

ఆమె ఆ పెన్నుతోనే కింద సంతకం పెట్టింది. కామేశం నా మూత టప్పున మూసేశాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మొన్నామధ్య హాజరు కోసం ఒక మిషను వచ్చింది. బొటనవేలు గాజు మీద పెడితే చాలు, సిరా అక్కర్లేదు. దాన్ని చూసీ ఏడ్చాను. కామేశం నన్ను చెత్తబుట్టలో పడేశాడు. సన్యాసమ్మ ఏరుకొచ్చి తన గదిలో కిటికీ మీద పెట్టుకుంది. హాస్టలు పిల్లలు అడుగుతుంటారు: "అమ్మమ్మా, ఎండిపోయిన ఈ డబ్బా ఎందుకు?"

"పగోణ్ణి కళ్లెదట పెట్టుకోవాలే" అంటుంది.

ఎండిపోయాను, నిజమే. ఈర్ష్య ఒక్కటే ఎండలేదు. ఇదిగో, ఇప్పుడు కూడా కిటికీలోంచి గాలి వీస్తోంది. ఆమె కుడిచేతిలో పెన్ను ఉంది. కాగితం ఎగిరిపోకుండా ఎడమచేతి బొటనవేలుతో గట్టిగా నొక్కి పట్టుకుంది. ఎంత గట్టిగా నొక్కినా కాగితం మీద మచ్చ పడటం లేదు.

మజ్జి సన్యాసమ్మ
వయసు అరవై ఒకటి
ఆడపిల్లల హాస్టలు వంటగది వెనక గది, కొండగెడ్డవలస