మాట్లాడకూడని అమ్మ

నేను ఒక చేతిబొమ్మని. చేతికి తొడిగితే తెల్లమొహం గుడ్లగూబని, విప్పి మేకుకు తగిలిస్తే వట్టి గుడ్డపేలికని. ప్రస్తుతం మేకుకే ఉన్నాను. నన్ను చూసి జాలిపడకండి. నేను చేసిన పనికి ఈ మేకు తక్కువే.

మాది కడియం దగ్గర, పూలమొక్కల నర్సరీల వెనకాల, దెబ్బతిన్న పక్షులనూ జంతువులనూ బాగుచేసి మళ్ళీ అడవికో పొలానికో వదిలే కేంద్రం. దాన్ని నడిపే డాక్టరమ్మ నన్ను కుట్టమని కాసులమ్మను అడిగింది. కాసులమ్మ ఊళ్ళో జాకెట్లు కుట్టుకునే మనిషి. వినగానే గుండెల మీద చెయ్యేసుకుంది.

"శుక్రవారం పూట గూబని కుట్టమంటారేంటండీ డాక్టరమ్మగారూ! మా అత్తగారు వింటే నన్ను మిషనుతో సహా వీధిలో పెడతారండీ."

అంతలా బెదిరిన మనిషి, శనివారం పొద్దున్నే కూర్చుని ముద్దుగా కుట్టింది. పాత దుప్పటి నా మొహమైంది, కొబ్బరిచిప్ప ముక్క నా ముక్కైంది, వాళ్ళాయన సఫారీ చొక్కా బొత్తాలు రెండూ నా కళ్ళయ్యాయి. ఆ పెద్దమనిషి చాన్నాళ్ళు పొట్ట దగ్గర పిన్నీసు పెట్టుకుని తిరిగాడట. మనుషులింతే. అశుభం అంటూనే కళ్ళు పెడతారు.

నా ఉద్యోగం అమ్మతనం. గూడు పోయి కేంద్రానికొచ్చిన గుడ్లగూబ పిల్లలకు తిండి పెట్టడం. గదిలో నల్ల తెర ఉంటుంది, తెరకో కన్నం ఉంటుంది. మనిషి తెర వెనక నిలబడి, నన్ను చేతికి తొడుక్కుని, ఆ కన్నంలోంచి నన్ను లోపలికి పంపాలి. నా ముక్కులో ఎలుక మాంసం ముక్క పెట్టి పిల్ల నోటికి అందించాలి. పిల్లకు మనిషి మొహం కనపడకూడదు, మనిషి గొంతు అసలే వినపడకూడదు. విన్నదా, గొంతుకీ తిండికీ ముడి పడిపోతుంది. రేపు పెద్దదై ఎగిరిపోయాక కూడా మనిషి మాట వినపడగానే అన్నం పెడతారనుకుని దగ్గరకొస్తుంది. అందుకే గది తలుపు మీద ఎర్రరంగుతో 'మాట్లాడరాదు' అని రాశారు. ఆ అక్షరాలు రాసినవాడు రాస్తున్నంతసేపూ బావమరిదితో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

అలా నోరు మూసుకుని పదకొండు పిల్లల్ని పెంచాను. అన్నీ ఎగిరిపోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. నా బోటి అమ్మకు అంతకన్నా మంచి పేరు ఏముంటుంది!

అప్పుడొచ్చింది ప్రసూన.

కాకినాడ పిల్ల. జంతుశాస్త్రం చదువుకుని ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. ఆమె పని చుట్టుపక్కల బళ్ళకు వెళ్ళి పిల్లలకు పక్షుల గురించి, పొలాల గురించి చెప్పడం. భుజానికి సంచి, సంచినిండా తన చేత్తో వేసుకున్న బొమ్మలు. ఎంత చక్కగా వేసేదో! పాపం, నోట్లో నాలుక లేదు. మొదటి బడిలో యాభైమంది పిల్లల ముందు నిలబడి "నమస్కారం" అందట, అంతే. తర్వాతి మాట గొంతులోంచి రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి ఆ బడి టీచరే ఆమె రాసుకొచ్చిన కాగితం లాక్కుని చదివేసింది. ప్రసూన తిరిగొచ్చి, తిండిగిన్నెలు కడిగే పంపు దగ్గర నిలబడి ఏడ్చింది. గిన్నెలు మాత్రం తళతళలాడేలా తోమింది.

"నెలాఖరుకి అయిదు బళ్ళ పిల్లలు మన దగ్గరికే వస్తారు. చెప్పాల్సింది నువ్వే," అంది డాక్టరమ్మ. కసిరినట్టు కాదు, మామూలుగానే. ప్రసూన మొహం మాత్రం పాలిపోయింది.

ఆ వారంలోనే నా పన్నెండో బిడ్డ వచ్చింది. పాత రైసుమిల్లు కప్పు పడగొడుతుంటే గూడు కింద పడిపోయింది. నాలుగింటిలో మూడు చచ్చిపోయాయి, ఇది మిగిలింది. అరచేతిలో పట్టేటంత దూదిపింజ. మనుషులు చాలని చోటు కదా, సాయంత్రం పూట తిండి పెట్టే పని ప్రసూనకు పడింది. పక్షుల కాపలా చూసే నూకరాజు ఆమెకు అన్నీ నేర్పాడు. ముప్ఫై ఏళ్ళుగా పక్షుల మధ్య బతికినవాడు, మాట పొదుపు.

"ఒక్కటే గుర్తెట్టుకోండి అమ్మాయిగారూ. లోపల దగ్గు కూడా దగ్గకూడదండి. ఆయ్."

మొదటి మూడు రోజులు ఊపిరి బిగబట్టి తినిపించింది. నాలుగో రోజు బడి సంగతి గుర్తొచ్చిందో ఏమో, తెర వెనక నుంచి సన్నగా గొణిగింది: "నమస్కారం. నేను మీ ఊరి గుడ్లగూబని."

తను రాసుకున్న ప్రసంగానికి అది మొదటి వాక్యం.

పిల్ల తల పక్కకు వాల్చి వింది. రెండో వాక్యం వచ్చింది, మూడోది వచ్చింది. యాభైమంది ముందు పెగలని గొంతు ఆ చీకటిగదిలో, ఎవరూ చూడని తెర వెనక, చెరువుకు గండి పడ్డట్టు పారింది. రాత్రికి నేనెన్ని ఎలుకల్ని తింటానో, మీ వరిచేను నావల్ల ఎంత మిగులుతుందో, నన్ను చూసి దిష్టి ఎందుకు తీసుకోనక్కరలేదో అన్నీ చెప్పింది. నా నోరు ఆడిస్తూ చెప్పింది.

నేనేం చేశానంటారా? సంబరపడ్డాను! పదకొండు కాన్పులు మూగతల్లిగా గడిపినదాన్ని, మొదటిసారి నాకో గొంతు వచ్చింది. నా బిడ్డ నా మాటలు వింటోంది. మాట మొదలవగానే నోరు తెరుస్తోంది. ఇదేదో గొప్ప ముద్దుముచ్చట అనుకుని మురిసిపోయాను. తెలిసినదాన్నే, తెలిసీ మురిశాను. నేను చేసిన పని అదే.

ఒకరోజు బయట నుంచి నూకరాజు తలుపు తట్టాడు. "లోపల ఎవరితోనండి అమ్మాయిగారూ మాటలు?"

ప్రసూన గతుక్కుమంది. "ఫోనండీ."

"ఫోనైనా బయటే మాట్లాడుకోండి. రేపు అది మాటకి మరిగిందంటే మనం చేసేదేం లేదండి."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నూకరాజెంత! రెండు రోజులు నోరు కట్టేసుకుంది. మూడో రోజుకి ప్రసంగానికి వారమే మిగిలింది. భయం మళ్ళీ మొదలైంది. "ఈ వారం ఒక్కటే," అని నాతోనే అంది. తర్వాత అయిదు వారాలు మాట్లాడింది.

నెలాఖరున అయిదు బళ్ళ పిల్లలూ వచ్చారు. నన్ను ధైర్యానికని సంచిలో వేసుకుంది, అందుకే అంతా విన్నాను. ఎంత బాగా మాట్లాడిందో! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా! అల్లరి పిల్లలు కూడా కళ్ళప్పగించి విన్నారు. చివర్లో దేవిక అనే ఏడో తరగతి అమ్మాయి లేచి అడిగింది.

"మేడమ్, మనకి దాన్ని చూస్తే భయం కదా, మరి దానికి మనల్ని చూస్తే భయమేనా?"

"అవునమ్మా. భయపడాలి కూడా. ఆ భయమే దాన్ని కాపాడేది."

ఆ మాట అన్న తర్వాత ప్రసూన చెయ్యి సంచిలోకి దూరి నన్ను తడిమింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ప్రసంగం అయిపోయింది, భయమూ పోయింది, అలవాటు మాత్రం పోలేదు. ఆ పిల్ల రెక్కలొచ్చి పెద్ద పంజరంలోకి మారేదాకా ఆమె కబుర్లు చెబుతూనే ఉంది. ఇక వదలాల్సిన రోజొచ్చింది. వదిలే ముందు ఒక పరీక్ష ఉంటుంది. మనిషి పంజరంలోకి వెళ్ళి దగ్గరగా నిలబడతాడు. పక్షి బెదిరి, బుస కొట్టి, వెనక్కి తగ్గితే పాసయినట్టు. లోపలికి నూకరాజు వెళ్ళాడు. నూకరాజు సంగతి తెలుసుగా, నోరు విప్పని మనిషి. నా బిడ్డ వాణ్ణి చూసి రెక్కలు విప్పి బుస్సుమంది.

"బ్రహ్మాండంగా ఉందండి డాక్టరమ్మగారూ," అన్నాడు బయటికొచ్చి.

ప్రసూన అక్కడే ఉంది. ఒక్క మాట అంటే చాలు. 'నేను దానితో మాట్లాడాను, ఇప్పుడే వదలకండి' అంటే, ఇంకో నాలుగు నెలలు మిగతా గుడ్లగూబల మధ్య ఉంచి ఆ అలవాటు మాన్పించేవాళ్ళు. ఆమెకది తెలుసు. పెదవులు కదిలాయి కూడా. డాక్టరమ్మ అటు తిరిగి, "నీ ప్రసంగం గురించి బళ్ళవాళ్ళు ఒకటే పొగుడుతున్నారు ప్రసూనా," అంది. అంతే, పెదవులు మూతపడ్డాయి. మాట్లాడకూడని చోట అయిదు వారాలు మాట్లాడిన మనిషి, మాట్లాడాల్సిన చోట ఒక్క ముక్క మాట్లాడలేదు.

నేనా? నాకు గొంతెక్కడిది, ఆమెదే కదా.

పొద్దువాలాక వరిచేల గట్టు మీద వదిలారు. తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా ఎగిరిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ప్రసూన మాత్రం నన్ను పిడికిట్లో నలిపేసింది.

తొమ్మిదో రోజు దీపాలు పెట్టే వేళ దేవిక పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట. వాళ్ళ అమ్మా మరో పదిమంది ఆడవాళ్ళూ అరుగు మీద పొదుపు సంఘం మీటింగు పెట్టుకున్నారట. మాటలు జోరుగా సాగుతుంటే నా బిడ్డ ఎక్కడినుంచో వచ్చి సరిగ్గా వాళ్ళ మధ్యలో వాలిందట. ఎవరో "గూబ! గూబ!" అని కేక పెట్టారు. ఎవరో దుడ్డుకర్ర అందుకున్నారు.

"మీరు కొట్టొద్దన్నారు కదా మేడమ్, నేను అడ్డం పడ్డాను. అప్పటికే ఒక దెబ్బ పడిపోయింది." పిల్ల వెక్కుతోంది. "కానీ మేడమ్, అది భయపడలేదు. మేం అరుస్తుంటే పారిపోలేదు. మావైపు చూసి నోరు తెరిచింది. భయపడుతుందన్నారు కదా మీరు, ఎందుకు భయపడలేదు?"

ప్రసూన అక్కడే నేల మీద కూలబడిపోయింది. అప్పుడు చెప్పింది, అందరి ముందూ, మొదటి రోజు గొణుగుడు నుంచీ ఫోను అబద్ధం దాకా. డాక్టరమ్మ తిట్టలేదు. రెక్క ఎముకకు కట్టు కడుతూ తలెత్తకుండా విని, "ముందే చెప్పాల్సింది," అంది. నూకరాజు మాత్రం ఊరుకోలేకపోయాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభవండీ? నేను తలుపు తట్టిన రోజైనా చెప్పుంటే..." అని బయటికెళ్ళిపోయాడు.

ఎముక అతికింది కానీ రెక్క లేవలేదు. నా పన్నెండో బిడ్డ ఇక ఎగరదు. కేంద్రంలో పిల్లలు వచ్చి చూసే గదిలో దానికో జాలీ ఇల్లు కట్టారు. నన్ను తిండిగది నుంచి తీసేసి, దాని ఎదురుగానే మేకుకు తగిలించారు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎవరు మాట్లాడినా అది నోరు తెరుస్తుంది. "అబ్బ, మనతో మాట్లాడుతోంది చూడు!" అని మురిసిపోతారు. వాళ్ళను ఏమనగలను, నేనూ అలాగే మురిశాను.

ప్రసూన ఇప్పుడు ఊరూరా తిరిగి మాట్లాడుతుంది. పేరొచ్చింది. ఎక్కడ మాట్లాడినా ముందు తన తప్పు చెప్పుకుని మొదలుపెడుతుందట. కేంద్రానికి వచ్చినప్పుడు మాత్రం ఆ జాలీ దగ్గర నోరు విప్పదు.

పోయిన ఆదివారం వచ్చింది. నన్ను మేకు మీద నుంచి తీసి, దుమ్ము దులిపి, చేతికి తొడుక్కుంది. పద్ధతి ప్రకారం నా ముక్కులో మాంసం ముక్క పెట్టి, మాట లేకుండా జాలీలోంచి అందించింది. ఇన్నాళ్ళకు నా బిడ్డకు నేను తినిపిస్తున్నాను కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

అది నా వంక చూడలేదు. నా మీదుగా ఆమె నోటి వంక చూస్తూ కూర్చుంది. చాలాసేపు చూసింది. మాంసం ముక్క నా ముక్కులోనే ఆరిపోయింది.

ప్రసూన కళ్ళు తుడుచుకుంది. అటూ ఇటూ చూసింది. చివరికి సన్నగా గొణిగింది.

"నమస్కారం. నేను మీ ఊరి గుడ్లగూబని."

అప్పుడు తింది.