జోగయ్య తుమ్మదిమ్మ

జోగయ్య బండి కన్ను తుడుస్తున్నాడు. రోజూ పొద్దున్నే చేసే పనే. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో, ఆఖరున భుజం మీది తువ్వాలు కొసతో. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి అద్దపు బిళ్ళ అది. ఈ బండికి డ్రైవరుండడు. ఎదర మనిషొచ్చినా గొడ్డొచ్చినా ఆ కన్నే చూసి బండిని ఆపుతుంది. దాని మీద దుమ్ము పడకూడదన్నారు. ఏడాదిగా జోగయ్య పడనివ్వలేదు.

విజయనగరం నుంచి రామతీర్థం పోయే దారిలో, ఒకప్పటి గోగునార గోడౌనులో ఉంది ఆ కంపెనీ. కొత్తరకం బండ్ల నమూనాలు చేసేవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటిస్తుందని తెలిసిన మర్నాడే పుట్టింది. చేపలమ్మే ఆడవాళ్ళు ఇక తట్టలు మోయక్కర్లేదట, ఐసుపెట్టెతో తనంతట తానే ఊరూరా తిరిగే బండి చేస్తారట. అలాగని కాగితం రాసుకున్నారు. మొదటి విడత రాగానే గాజు తలుపులొచ్చాయి, ఏసీ గదులొచ్చాయి, గోడ నిండా చేపలమ్మేవాళ్ళ బొమ్మలొచ్చాయి. బండిని మాత్రం ముగ్గురు ఇంజనీర్లూ ఒక వెల్డరూ కలిసి ఎలాగో నిలబెట్టారు. రెండో విడత రావాలంటే ఈవేళ కమిటీ ఎదుట అది నడవాలి, ఆగాలి.

జోగయ్య అక్కడ ఊడ్చేవాడు, కడిగేవాడు, టీలు అందించేవాడు. అరవై రెండేళ్ళు. కుడి మోకాలు సరిగా వంగదు. ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు నలిగి చదునైపోయాయి. ముప్ఫై నాలుగేళ్ళు చేపల లారీ మీద క్లీనరుగా శృంగవరపుకోట ఘాటెక్కి అరకు వెళ్ళొచ్చిన గుర్తులవి. లోడు లారీ మలుపులో వెనక్కి జారితే కిందికి దూకి చక్రానికి దిమ్మ పెట్టడం అతని పని. ఘాటు ఎక్కించిన డ్రైవరు పేరు నలుగురూ చెప్పుకుంటారు గాని, దిమ్మ పెట్టినవాడి పేరు ఎవడికి కావాలి? ఆ తుమ్మదిమ్మ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది. ఒక పక్క ఏటవాలుగా చెక్కిన కొయ్యముక్క, టైరు నలుపు పట్టి, వెనక్కి లాగడానికి చిన్న తాడుతో. మధ్యాహ్నం కునుక్కి అదే తలగడ.

బండికి మొదట వెల్డరు చేతిబ్రేకు పెట్టాడు. పోయిన వారం యజమాని హరిబాబు దాన్ని కోయించేశాడు. డ్రైవరు లేని బండికి బ్రేకుందంటే కమిటీ నవ్వుతుందన్నాడు.

"బాబూ, ముందర వాలున్నాది గదండి. కన్ను సూడకపోతే?" అన్నాడు జోగయ్య.

"నువ్వు క్లీనరువా, ఇంజనీరువా?" అన్నాడు హరిబాబు.

పది గంటలకి బుల్లమ్మ వచ్చింది. ఆమె జోగయ్య పెళ్ళాం, గంటస్తంభం దగ్గర చేపలమ్ముతుంది. బండి ఎదర నిలబడడానికి నిజం చేపలమనిషి కావాలని, మీ ఆవిడ ఉందిగా అన్నారు. జోగయ్య కాదనలేకపోయాడు. ఇప్పుడు ఆమెకి కొత్త చీర కట్టించి, నెత్తిన ఖాళీ తట్ట పెట్టించారు. నీసు కొడుతోందని దాని మీద ఎవరో సెంటు కూడా కొట్టారు.

"సేపల తట్టకి సెంటేటి మావా? వాంతొస్తన్నాది," అంది బుల్లమ్మ.

"కాసేపోర్సుకో. బండి వస్తాది, ఆగుతాది, ఎల్లిపోదువుగాని."

"ఆగుతాదా?"

"కన్నున్నాది గదే," అన్నాడు జోగయ్య. ఆ మాట అతని నోటికే చేదుగా తగిలింది.

మూడు కార్లలో కమిటీ దిగింది. అధ్యక్షుడు నరసింగరావు. మేళం మోగింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మనిషి చెయ్యంత లావు బంతిపూల దండ తీసుకుని, నరసింగరావు ఫొటోగ్రాఫరు వైపు చూస్తూ, బండి ముఖానికి తన చేతులతో వేశాడు. దండ సరిగ్గా కన్ను మీద పడింది.

జోగయ్య హరిబాబు దగ్గరికి పరిగెత్తాడు. "బాబూ, దండ కంటికడ్డం పడిందండి. తీసీమంటారా?"

"సారు స్వయంగా వేసిన దండ నువ్వు తీస్తావా? పో అవతలికి," అన్నాడు హరిబాబు, మొహం మీది నవ్వు చెదరనివ్వకుండా.

ఇంజనీర్లు ముగ్గురూ చూశారు. ఒకడు ఫోనులోకి తల దించుకున్నాడు, ఒకడు బూటు లేసు కట్టుకున్నాడు, ఒకడు ఊరికే నిలబడ్డాడు. అధికారి వేసిన దండని కదిపే మగాడు ఆ ఆవరణలో లేడు. ఛీ, ఇదేం బతుకు? వీళ్ళ చదువుల కంపు ముందు చేపల కంపు ఏపాటిది అనిపించింది జోగయ్యకి. షెడ్డు మూల నుంచి దిమ్మ తెచ్చుకున్నాడు. ఘాటులో దూకేముందు విప్పేసినట్టే చెప్పులు విప్పేసి, వాలు పక్కన గోడ వారగా నిలబడ్డాడు.

బుల్లమ్మని తట్టతో వాలు కింద నిలబెట్టారు. బండి కదిలింది. వాలులోకి రాగానే వేగం అందుకుంది.

"బుల్లీ, తప్పుకోయే!" అని అరిచాడు. మేళంలో అది కలిసిపోయింది. కదలొద్దని చెప్పారు కనక ఆమె కదల్లేదు. బండి ఆగాల్సిన సున్నపు గీత దాటింది. జోగయ్య వంగని మోకాలితోనే దూకాడు. దిమ్మ ముందుచక్రం కిందికి వెళ్ళింది. బండి ఒక్క కుదుపుతో పక్కకి తిరిగి, ఐసుపెట్టె మూలతో అతన్ని గోడకేసి నొక్కి, వెనక్కి తూగి ఆగింది. జోగయ్య గోడ వారనే కూలబడ్డాడు.

కమిటీ కూర్చున్న షామియానా బండికి అవతలివైపుంది. అక్కడివాళ్ళకి బండీ, దాని ఎదర జానెడు దూరంలో బుల్లమ్మా కనిపించారు. అంతే కనిపించింది.

"అద్భుతం! జానెడులో ఆగిందయ్యా!" అని నరసింగరావు లేచి చప్పట్లు కొట్టాడు. బండికి ఇవతల నిలబడి అంతా చూసిన హరిబాబు చేతులు జోడించాడు. తర్వాత అందర్నీ భోజనాలకి లోపలికి తీసుకుపోయాడు.

బుల్లమ్మ తట్ట విసిరేసి గోడ దగ్గరికి వచ్చింది. "ఏటైనాది మావా?"

"ఏటీ నేదు. ఊపిరి పట్టీసినాది. నీకు తగల్నేదు గదా?"

"నేదు."

"మరింకేటి. కాసిన్ని నీళ్ళు తే."

గాజు తలుపు దగ్గర కాపలావాడు ఆమెని ఆపాడు. సార్లు తింటున్నారు, వెనకనుంచి రమ్మన్నాడు. లోపల వంజరం చేప వేపుడు బాగుందని ఒకరికొకరు వడ్డించుకుంటున్నారు. ఆమె షెడ్డు చుట్టూ తిరిగి గ్లాసుతో వచ్చేసరికి జోగయ్య తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. నోట్లో పోసిన నీళ్ళు బయటికే కారిపోయాయి. మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు, తలగడ లేదంతే.

ఎవరో ఎండకి పడిపోయాడని లోపల చెప్పారు. ఆటోలో వేసి వెనక గేటు నుంచి పంపించారు, బుల్లమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదర మనిషి ఉండగా బండి తనంతట తానే ఆగిందని కమిటీ రాసి సంతకాలు పెట్టింది. రెండో విడత ఖాయమైంది.

ఆఖరి ఫొటో కోసం బండిని రెండడుగులు ముందుకి నడపమన్నారు. మీట నొక్కారు. మోటారు మూలిగింది గాని బండి కదల్లేదు. ఇంజనీర్లు ముగ్గురూ లాప్‌టాప్ చుట్టూ మూగి గంటసేపు వెతికారు, ఒక్కడూ కిందికి వంగి చూడలేదు. ముందుచక్రం కింద తుమ్మదిమ్మ అలాగే ఉంది, లాగడానికని జోగయ్య కట్టుకున్న తాడు దుమ్ములోకి చాచుకుని.