తిరగేసిన రాళ్ళు

ఆ ఇంటి కోడళ్ళిద్దరిదీ ఒకే ఆఫీసు. నేలలోకి బోరు దించి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చి ఉంచే షెడ్డు అది. పెద్దకోడలు పొద్దున్నే వచ్చి, తడిగుడ్డతో ఒక్కో రాయీ తుడిచి, భూతద్దంలో చూసి పుస్తకంలో రాసుకునేది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని.

కిందటేడు చేరిన చిన్నకోడలు రాయికి చెవి ఆనించేది. రాయి తన కథ చెప్పేది. ఆమె వింటున్నంతసేపూ ఫ్యాన్లు ఆపమని ఆఫీసరు ఆర్డరు వేశాడు, అంతే. పెద్దకోడలికి వారం పట్టే పని ఆమెకి అరగంటలో అయిపోయేది.

"చిన్నదాంతో రాళ్ళు కూడా మాట్లాడతాయి. నీతో మనుషులే మాట్లాడరు," అంది అత్తగారు అన్నం వడ్డిస్తూ. పెద్దకోడలు కంచం వదిలి లేచిపోయింది.

ఇంతలో పెద్ద సర్వే ఒకటి వచ్చింది. కొత్త పెట్టెలో రాళ్ళు చదివి, ఆ నేల ఎలా ఏర్పడిందో చెప్పినవాళ్ళకే దాని నాయకత్వం. ఆ పొద్దున పెద్దకోడలు అందరికంటే ముందొచ్చి, అడుగు రాళ్ళు పైకీ, పైవి కిందకీ మార్చేసింది.

చిన్నకోడలు చాలాసేపు చెవి ఆనించింది. ముఖం పాలిపోయింది.

"ఇవాళ ఏమీ వినపడలేదండీ."

ఆఫీసరు పెద్దకోడలి వైపు తిరిగాడు.

"ఇవి తారుమారయ్యాయండీ," అందామె తొణక్కుండా. "ఈ ఎర్ర గులకరాళ్ళు అడుగున ఉండాలి. నేలని రెండువైపులా లాగితే నడుమ కుంగింది. విరిగిన అంచుల నుంచి ముందు గులకే దొర్లిపడింది. తర్వాత నీళ్ళు చేరి చెరువైంది. దాని అడుగున పేరుకున్నదే ఈ నల్లటి సన్న బురద. కుంగుతున్నకొద్దీ పొర మీద పొర."

సర్వే ఆమెకే ఇచ్చారు. కడుపు చల్లబడింది.

ఇంటికి నడుస్తూ చిన్నకోడల్ని అడిగింది, "నిజంగా రాయి పలకలేదా?"

"పలికింది. పొద్దున తనని తిప్పిందెవరో, అదొక్కటే చెప్పింది."

"మరి నోరు మెదపలేదేం?"

"నీ ఉద్యోగం పోతుంది కదక్కా."

ఆ మాటకి పెద్దకోడలు సిగ్గుపడిందనుకుంటే పొరపాటే. ఒళ్ళు భగ్గుమంది. మర్నాడు నేరుగా ఆఫీసరు గదికెళ్ళి, "తిప్పింది నేనే," అని చెప్పేసింది. ఆమెని పాత ఫైళ్ళ గదికి మార్చారు. సర్వే చిన్నకోడలికి వెళ్ళింది.

సర్వేకి బయల్దేరే ముందు బ్యాగు సర్దుకుంటూ చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎందుకు చెప్పావక్కా?"

"మంచితనంలో కూడా నీదే పైచేయి అయితే," అంది పెద్దకోడలు ఆ బ్యాగు జిప్పు బలంగా లాగుతూ, "నేనింక ఈ ఇంట్లో బతకలేనే."